కనరాని దానిని తూచు కాటా

కంటికి ఎంత కనబడునో అంత బరువుండునని తలచుట పొరపాటని మన పత్తి రైతునకు ఒకరు చెప్పవలసిన పని లేదు. పత్తి నింపిన బోరెము గుమ్మము పట్టనంత పెద్దదైనను ఇద్దరు మనుష్యులు దానిని బండికి ఎత్తగలుగుదురు. అంతే బోరెములో వడ్లు నింపినచో నలుగురు కలిసియు కదలింపజాలరు. అందుచేతనే గుంటూరు మిర్చి యార్డులోనైనను, పర్చూరు, అద్దంకి ప్రాంతముల పత్తి కొనుగోలు తావులలోనైనను, ఎంత అనుభవము గల వ్యాపారియైనను కంటి అంచనాతో బేరమాడవచ్చునే గాని, డబ్బు మాత్రము కాటా చెప్పిన మాట మీదనే చెల్లించును.

ఆకాశము విషయములో మానవజాతి వేల సంవత్సరములు కంటి అంచనాతోనే గడిపినది. వెలుగున్న చోట వస్తువున్నదనియు, వెలుగు లేని చోట శూన్యమనియు తలచినది. ఈ అంచనాను తూకముతో సరిచూచు పని 1933వ సంవత్సరమున ఆరంభమైనది. ఆ తూకమునకు ఉపకరించిన కాటాలే గెలాక్సీ గుచ్ఛములు. ఆ తూకమును, తరువాత జరిగిన ఇతర పరిశీలనలను కలిపి చూడగా తేలినదేమనగా: విశ్వమునందున్న సమస్తమును నూరు పాళ్లుగా భావించినచో, మన శరీరములు, మన నేల, సూర్యచంద్రులు, సమస్త నక్షత్రములు, వాటి నడుమనున్న వాయువులు అన్నియు కలిపి అయిదు పాళ్లు మాత్రమే. సుమారు ఇరువదియేడు పాళ్లు కృష్ణ పదార్థము. మిగిలిన అరువదియెనిమిది పాళ్లు కృష్ణ శక్తి. ఈ రెండును ఏమిటో నేటికిని ఎవరును చెప్పజాలరు. ఏమిటో తెలియని దానికి తూకమెట్లు కట్టగలిగిరి? ఈ ప్రసంగములో మేము వివరింపదలచినది అదియే.

గుంటూరులో చదివిన వెలుగు

కాటాను గూర్చి చెప్పుటకు ముందు వెలుగును చదువు విద్యను గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఆ విద్య చరిత్రలో మన గుంటూరునకు ఒక స్థానము కలదు. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ మన కోస్తాను దాటిపోయినది. ఆనాడు గుంటూరు కృష్ణా జిల్లాలో చేరియున్న పట్టణము. ఆ గ్రహణమును చూచుటకై పియేర్ జూల్ జాన్సెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సముద్రములు దాటి గుంటూరు వచ్చి, అచట వర్తకము చేయుచుండిన స్వదేశీయుని మేడపై తన పరికరములను నిలిపెను. బ్రిటిషు వారి పక్షమున మేజర్ టెనెంట్ కూడ గుంటూరులోనే విడిసెను. మద్రాసు వేధశాల ఖగోళ శాస్త్రజ్ఞుడు నార్మన్ పాగ్సన్ మచిలీపట్టణమును ఎంచుకొనెను.

జాన్సెన్ వెంట తెచ్చినది వట్టి దూరదర్శిని కాదు. దానికి వర్ణపటదర్శినిని అమర్చియుండెను. తెల్లని వెలుగును ఇంద్రధనుస్సు వలె రంగులుగా విడదీసి చూపు సాధనమిది. పొయ్యిలో ఉప్పు చిలికినప్పుడు మంట పసుపుపచ్చగా మారుట మన వంటయిండ్లలో అందరును చూచినదే. ఉప్పులోని సోడియమునకు ఆ రంగు సొంతము. అటులనే ప్రతి మూలకమునకును తనవైన రంగుల గీతలు కొన్ని ఉన్నవి. ఆ గీతలను గుర్తుపట్టినచో, చేతికందని దూరమున వెలుగుచున్న వస్తువు ఏ పదార్థముతో నిండియున్నదో చెప్పవచ్చును.

సూర్యబింబము అయిదు నిమిషములకు పైగా మరుగుపడినది. బింబపు అంచున ఎగయుచున్న ఎఱ్ఱని జ్వాలలలో జాన్సెన్ ప్రకాశమానములైన గీతలను చూచి, అవి మండుచున్న వాయువులనియు, అందు ముఖ్యమైనది హైడ్రోజననియు గ్రహించెను. ఆ గీతల తీక్ష్ణతను గమనించి, గ్రహణము లేకున్నను వాటిని చూడవచ్చునని తలచి, మరునాడు గుంటూరులోనే దానిని చేసి చూపెను. అదే పనిని అక్టోబరులో ఇంగ్లండునందు నార్మన్ లాకియర్ స్వతంత్రముగా సాధించెను. హీలియము గుంటూరులో కనుగొనబడినదని మనలో ఒక వాడుక కలదు. సరిగా చెప్పవలెనన్న, ఆ గ్రహణమున మన దేశములో పరిశీలించినవారు ఒక పసుపు గీతను చూచిరి. అది సోడియమునకు చెందినదని సామాన్యముగా తలపబడెను. అది సోడియము గీత కాదనియు, భూమిపై అప్పటికి తెలియని మూలకమునకు చెందినదనియు తేల్చినవాడు లాకియర్. 1895లో విలియం రామ్సే ఆ మూలకమును భూమిపైననే ఒక ఖనిజమునుండి వెలికి తీసెను. గుంటూరు పాత్ర దీనిచేత తగ్గిపోదు. గ్రహణము వరకు ఆగనక్కరలేకుండ సూర్యుని అంచున ఎగయు జ్వాలలను చదువవచ్చునని మొదట తెలిసినది ఇచ్చటనే.

ఈ గీతలు ఇంకొక రహస్యమును కూడ చెప్పును. తెనాలి స్టేషనులో నిలిచియున్నవానికి, ఆగకుండ పోవు మెయిలు బండి కూత ఎదురు వచ్చునప్పుడు సన్నగాను, దాటిపోవునప్పుడు బొంగురుగాను వినబడును. వెలుగునందును ఇట్టి మార్పు కలదు. వెలుగు వస్తువు మన వైపు వచ్చుచున్నచో దాని గీతలు నీలము వైపునకు, దూరముగా పోవుచున్నచో ఎఱుపు వైపునకు జరుగును. ఎంత జరిగినదో కొలిచినచో వేగము తెలియును. వేగము తెలిసినచో బరువు తెలియుటకు మార్గమేర్పడును.

వడిసెల రాయి

రాత్రి మనకు కనబడు పాలవెల్లి వేల కోట్ల నక్షత్రముల సముదాయము. సూర్యుడు అందొకడు. ఇట్టి సముదాయమునకే గెలాక్సీ అని పేరు. విశ్వమునందు గెలాక్సీలు పల్లెలవంటివి. పొలముల నడుమ ఒంటిగా నున్న పల్లెలు కొన్ని. చేరువ చేరువగా గుమికూడినవి మరికొన్ని. వందలు, ఒక్కొక్కచో వేయికి పైగా గెలాక్సీలు ఒక చోట చేరి, పరస్పరాకర్షణచేత కట్టుపడి తిరుగుచున్న గుంపునకు గెలాక్సీ గుచ్ఛమని పేరు. గురుత్వాకర్షణ బలము ఒకటిగా పట్టి నిలిపిన వస్తువులలో ఇంతకంటె పెద్దవి విశ్వమున లేవు. ఒక పెద్ద గుచ్ఛము బరువు మన సూర్యుని వంటి సూర్యులు పది కోటి కోట్ల బరువునకు సమానము.

కోమా గుచ్ఛమనునది మనకు సుమారు 32 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున నున్నది. అనగా నేడు మనము చూచు దాని వెలుగు 32 కోట్ల సంవత్సరముల క్రిందట బయలుదేరినది. అమెరికాలో పని చేయుచుండిన స్విట్జర్లండు దేశస్థుడు ఫ్రిట్స్ జ్వికీ 1933లో ఆ గుచ్ఛములోని గెలాక్సీల వేగములను పరిశీలించెను. అవి గుచ్ఛములో ఇటునటు సెకనుకు సుమారు వేయి కిలోమీటర్ల వేగముతో తిరుగుచున్నవి. గుంటూరులో బయలుదేరి ఒక్క సెకనులో ముంబయి దాటిపోవునంతటి వేగమది.

జొన్నచేలలో పిట్టలను తోలు వడిసెలను తలచుకొనుడు. రాయి ఎంత వేగముగా తిరుగునో త్రాడు దానిని అంత బలముగా పట్టవలెను. పట్టు చాలనిచో రాయి చెదరిపోవును. గుచ్ఛమునందు త్రాడు వంటిది గురుత్వాకర్షణ. దాని బలము గుచ్ఛమునందలి పదార్థపు బరువు ననుసరించి యుండును. కోమాలోని నక్షత్రముల వెలుగును బట్టి అంచనా వేసిన బరువు ఆ వేగములను పట్టి యుంచుటకు ఏ మాత్రము చాలలేదు. ఐనను గుచ్ఛము చెదరిపోలేదు. కావున కనబడని పదార్థమేదో అచట మెండుగా ఉండవలెనని జ్వికీ నిర్ణయించి, దానిని కృష్ణ పదార్థమనెను. కనబడు దానికి 400 రెట్లని ఆయన లెక్క. గెలాక్సీల దూరములు అప్పటికి సరిగా తెలియనందున ఆ సంఖ్య చాల హెచ్చుగా వచ్చినది. తరువాతి వారు దూరములను సరిదిద్దిరి, సంఖ్య తగ్గినది. కాని లోటు పూడలేదు.

నాలుగు దశాబ్దముల వరకు ఈ మాటను పట్టించుకొన్నవారు తక్కువ. 1970 తరువాత వీరా రూబిన్, ఆమె సహచరులు ఒక్కొక్క గెలాక్సీ తన చుట్టు తాను తిరుగు తీరును కొలిచి, అచటను ఇదే లోటు ఉన్నదని చూపిన పిమ్మట గాని శాస్త్రలోకము మేలుకొనలేదు.

మూడు కాటాలు, ఒకే తూకము

ఒక కాటా మీద అనుమానము కలిగినప్పుడు సరుకును వేరొక కాటాపై పెట్టి చూచుట లోకాచారము. గెలాక్సీ గుచ్ఛములకున్న విశేషమేమనగా, వాటిని మూడు వేర్వేరు విధములుగా తూచవచ్చును. మొదటిది పైన చెప్పిన వేగముల తూకము.

రెండవది వేడిమి తూకము. మీ ఇంటి రేడియో పెట్టె అందుకొను తరంగములు, కంటికి కనబడు వెలుగు, ఆసుపత్రిలో ఎముకలను చూపు ఎక్సు కిరణములు ఒకే జాతికి చెందినవి. తరంగపు నిడివిలో మాత్రమే భేదము. అంతరిక్షమునుండి వచ్చు ఎక్సు కిరణములను మన వాతావరణము అడ్డగించును గనుక వాటిని చూచుటకు ఉపగ్రహములు కావలసివచ్చినవి. 1970 డిసెంబరు 12న ఎగిరిన ఉహూరు అను ఉపగ్రహము గెలాక్సీ గుచ్ఛములు ఎక్సు కిరణములను వెదజల్లుచున్నవని చూపెను. గెలాక్సీల నడుమ శూన్యమని తలచిన చోట కోటి డిగ్రీలనుండి పది కోట్ల డిగ్రీల వరకు కాగిన పలుచని వాయువు నిండియున్నది. ఉడుకుచున్న కుండలో ఆవిరి మూతను ఎత్తివేయుటకు తన్నుచుండును. మూత నిలిచియున్నదన్న, అది ఆ ఆవిరికి తగినంత బరువున్నదని అర్థము. గుచ్ఛమునందలి వాయువు ఎంత కాగియున్నదో తెలిసినచో, దానిని అణచియుంచిన ఆకర్షణ ఎంతయో లెక్క కట్టవచ్చును.

మూడవది వంగిన వెలుగు తూకము. బరువైన వస్తువు ప్రక్కగా పోవు వెలుగు వంగునని ఐన్‌స్టీన్ 1915లో ప్రకటించిన సాపేక్ష సిద్ధాంతము చెప్పెను. 1919 మే 29వ తేదీ నాటి సూర్యగ్రహణమున అది రుజువైనది. గుంటూరు గ్రహణము వెలుగును చదువుట నేర్పినది. ఈ గ్రహణము వెలుగు దారిని నమ్మరాదని నేర్పినది. గుచ్ఛము అంత బరువు గలది కావున, దాని వెనుక ఎంతో దూరమున నున్న గెలాక్సీల వెలుగు వంగి, ఎగుడుదిగుడు అద్దములో నుండి చూచిన వీధిదీపము వలె సాగి, విల్లులవలె కనబడును. ఇట్టి వెలుగు విల్లును 1986, 1987 సంవత్సరములలో ఏబెల్ 370 అను గుచ్ఛమునందు ఫ్రెంచి, అమెరికను శాస్త్రజ్ఞులు గుర్తించిరి. ఈ పద్ధతి వాయువు వేడిమిని గూర్చి గాని, గెలాక్సీల వేగమును గూర్చి గాని అడుగదు. బరువునే నేరుగా చూపును.

మూడు కాటాలును సుమారుగా ఒకే మాట చెప్పుచున్నవి. గుచ్ఛపు బరువు నూరు పాళ్లైనచో నక్షత్రములన్నియు కలిసి మూడు పాళ్లకు మించవు. కాగిన వాయువు పండ్రెండు పాళ్ల వరకు ఉండును. తక్కిన ఎనుబదియైదు పాళ్లు కృష్ణ పదార్థము.

ఢీకొన్న గుచ్ఛములు

ఇచట బుద్ధిమంతుడైన పాఠకుడు ఒక ప్రశ్న వేయవచ్చును. లోటు పదార్థమునందు గాక, మన లెక్కకు ఆధారమైన గురుత్వాకర్షణ సూత్రమునందే ఉన్నదేమో? ఇది తోసివేయదగిన ప్రశ్న కాదు. 1983లో మోర్డెహాయ్ మిల్‌గ్రోమ్ అను ఇస్రాయేలు శాస్త్రజ్ఞుడు అట్టి సవరణనే సూచించెను. ఒక్కొక్క గెలాక్సీ తిరుగు తీరునకు ఆ సవరణ చక్కగా సరిపోవును. గుచ్ఛముల దగ్గరకు వచ్చుసరికి సవరించిన సూత్రముతో లెక్కించినను కొంత పదార్థము తక్కువ పడుచునే యున్నది.

ఈ వివాదమునకు గొప్ప సాక్ష్యము 2006లో దొరకినది. సుమారు 370 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున రెండు గుచ్ఛములు ఒకదానిలోనుండి ఒకటి దూసుకొనిపోయిన చోటు కలదు. దాని ఆకారమును బట్టి బుల్లెట్ గుచ్ఛమనిరి. మన సుబ్రహ్మణ్యం చంద్రశేఖర్ పేరు పెట్టుకొని 1999లో ఎగిరిన చంద్ర ఎక్సు కిరణ దూరదర్శిని, ఆ తాకిడిలో వాయువులు ఒకదానినొకటి ఒరసికొని నడుమ చిక్కుపడిపోయినట్లు చూపెను. వంగిన వెలుగు తూకము చూడగా, బరువు మాత్రము ఆ వాయువున్న చోట లేదు. దానిని విడిచి, గెలాక్సీలతో పాటు ముందుకు సాగిపోయి రెండు చోట్ల నిలిచియున్నది.

కల్లములో తూర్పారబట్టునప్పుడు పొట్టు ఒక వైపును, గింజ ఒక వైపును పడును. అవి కలిసియున్నంత వరకు ఏది ఎంత అను తగవు ఉండవచ్చును. విడిపోయిన పిమ్మట తగవునకు తావు తక్కువ. సామాన్య పదార్థములో అధికభాగమైన వాయువు ఒక చోట, బరువు వేరొక చోట ఉన్నదన్న, ఆ బరువు వాయువుది కాదు. సూత్రమును ఎంత సవరించినను ఈ ఎడబాటును వివరించుట కష్టము. కృష్ణ పదార్థము దేనినీ ఒరసికొనక, తనను తానును ఒరసికొనక దాటిపోవు స్వభావము గలదని కూడ దీనివలన తెలియుచున్నది.

దారి సాగిపోవుచున్న సంత

ఇక కృష్ణ శక్తి మాట. విశ్వము వ్యాకోచించుచున్నదని 1929లో ఎడ్విన్ హబుల్ పరిశీలనలు చూపెను. పదార్థపు ఆకర్షణచేత ఆ వ్యాకోచము నానాటికి మందగింపవలెనని అందరును తలచిరి. 1998లో రెండు పరిశోధక బృందములు దూరపు నక్షత్ర విస్ఫోటనములను పరిశీలించి, మందగించుటకు మారుగా వేగము హెచ్చుచున్నదని ప్రకటించి లోకమును ఆశ్చర్యపరచినవి. అందుకు 2011లో పెర్ల్‌మటర్, ష్మిట్, రీస్ అను మువ్వురకు నోబెల్ బహుమానము లభించినది. ఈ వేగమును హెచ్చించుచున్న దానికే కృష్ణ శక్తి అని పేరు పెట్టిరి.

ఇందులో గెలాక్సీ గుచ్ఛములు ముందుగానే ఒక సూచన ఇచ్చియుండెను. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక మెతుకు పట్టి చూచిన చాలును. గుచ్ఛములు ఎంత పెద్దవనగా, విశ్వమునందలి సామాన్య పదార్థమునకును కృష్ణ పదార్థమునకును గల నిష్పత్తియే వాటియందును ఉండవలెను. సామాన్య పదార్థము మొత్తమెంతయో వేరొక మార్గమున తెలియును. విశ్వము పుట్టిన తొలి నిమిషములలో ఏర్పడిన తేలిక మూలకముల పాళ్లే ఆ లెక్కకు ఆధారము. గుంటూరు గ్రహణమున పసుపు గీతగా కనబడిన హీలియము ఆ మూలకములలో నొకటి. 1993లో సైమన్ వైట్, ఆయన సహచరులు ఈ రెండు లెక్కలను కోమా గుచ్ఛమునందు కలిపి చూచిరి. గుచ్ఛములో సామాన్య పదార్థపు పాలు అనుకొన్నదానికంటె హెచ్చుగా ఉన్నది. అది నిజమైనచో, ఆనాడు పలువురు శాస్త్రజ్ఞులు నమ్మినట్లు విశ్వమును నూటికి నూరు పాళ్లు పదార్థమే నింపజాలదు. మరి మిగిలిన దేమి? అయిదు సంవత్సరముల పిమ్మట వచ్చిన సమాధానము కృష్ణ శక్తి.

గుచ్ఛములను లెక్కించుటచేత కూడ కృష్ణ శక్తిని పట్టుకొనవచ్చును. వారపు సంతను తలచుకొనుడు. తెల్లవారినది మొదలు నలుదిక్కులనుండి బండ్లు వచ్చి చేరుచుండగా సంత పెరుగును. బండ్లు నడచుచుండగనే బాటలు పొడవగుచున్నవని ఊహింపుడు. చేరువనున్న బండ్లు ఎట్లో చేరును. దూరపు బండ్లు ఎంత నడచినను సంత దగ్గర కాదు. కొంత సేపటికి సంత పెరుగుట ఆగిపోవును. గురుత్వాకర్షణ బండ్లను సంతకు తోలుచున్నది. కృష్ణ శక్తి బాటను సాగదీయుచున్నది. గుచ్ఛము ఆ సంత.

దూరపు గుచ్ఛములను చూచుటయనగా పాతకాలపు గుచ్ఛములను చూచుటయే. కావున దూరమున ఎన్ని పెద్ద గుచ్ఛములున్నవో, చేరువలో ఎన్ని ఉన్నవో లెక్కించినచో, సంత ఏ కాలమున ఎంత వేగముగా పెరిగినదో తెలియును. చంద్ర దూరదర్శినితో 86 గుచ్ఛములను పరిశీలించిన అలెక్సీ విఖ్లీనిన్ బృందము 2009లో, గుచ్ఛముల పెరుగుదల నిజముగనే మందగించినదనియు, అది కృష్ణ శక్తికి సరిపడు రీతిలోనే ఉన్నదనియు చూపెను. నక్షత్ర విస్ఫోటనములు బాట పొడవును కొలిచినవి. గుచ్ఛములు సంత పరిమాణమును కొలిచినవి. పద్ధతులు వేరు, సమాధానము ఒకటే.

తరుగు లెక్క

ఇంతవరకు చెప్పినది విని అంతయు తేలిపోయినదని తలపరాదు. యార్డులో కాటా చూపిన బరువే తుది బరువు కాదు. తేమకు ఇంతయని, మట్టికి ఇంతయని తరుగు తీయుదురు. ఆ తరుగు న్యాయముగా ఉన్నదా లేదా అనుదానిపైననే రైతు సంవత్సరపు కష్టము ఆధారపడియుండును. గుచ్ఛముల తూకమునందును ఇట్టి చిక్కు కలదు. వాయువు నిశ్చలముగా నున్నదని తలచి వేడిమి తూకమును కట్టుదుము. నిజమునకు అది సుడులు తిరుగుచుండవచ్చును. అప్పుడు గుచ్ఛపు బరువు అసలుకంటె తక్కువగా కనబడును. ఎంత తక్కువ? ఆ సవరణలో చిన్న పొరపాటు వచ్చినచో విశ్వమంతటి లెక్కయు తారుమారగును.

ఇది ఊహాభయము కాదు. విశ్వపు తొలినాటి వెలుగును పటముగా గీసిన ప్లాంక్ ఉపగ్రహ బృందము 2013లో తన ఫలితములను ప్రకటించినప్పుడు, ఆ వెలుగును బట్టి ఉండవలసినన్ని గుచ్ఛములు లెక్కకు రాలేదు. తూకములో తరుగు తప్పినదా, లేక భౌతిక శాస్త్రమునందే తెలియని దేదో ఉన్నదా అని సంవత్సరముల తరబడి వాదము జరిగినది. 2019లో ఎగిరి 2022 వరకు ఆకాశమును పరిశీలించిన ఈరోసిటా అను జర్మను ఎక్సు కిరణ దూరదర్శిని ఫలితములు 2024 ఫిబ్రవరిలో వెలువడినవి. దాని మొదటి పరిశీలనలోని 5,259 గుచ్ఛములను వంగిన వెలుగు తూకముతో సరిచూచి లెక్కింపగా, విశ్వములో పదార్థము నూటికి సుమారు 29 పాళ్లని తేలినది. తొలినాటి వెలుగు చెప్పిన లెక్కకు ఇది దగ్గరగనే ఉన్నది. అనగా కాటా కంటె తరుగే దోషమునకు ముఖ్య కారణమని తలచుటకు బలము చేకూరినది.

ఇంతలో మరియొక చిక్కు తలయెత్తినది. అమెరికాలోని అరిజోనానుండి లక్షల కొలది గెలాక్సీల దూరములను కొలుచుచున్న దేసీ అను బృందము, కృష్ణ శక్తి స్థిరము కాక కాలక్రమమున బలహీనపడుచున్నదేమో అను సూచనలను 2024లోను, 2025లోను వెలువరించినది. ఇది ఇంకను నిశ్చయము కాలేదు. నిజమైనచో, విశ్వపు భవిష్యత్తును గూర్చి మనము వ్రాసుకొన్న దంతయు తిరిగి వ్రాయవలెను. బాట సాగుట శాశ్వతమైనచో దూరపు గెలాక్సీలు మన చూపునుండి ఒక్కటొక్కటిగా తొలగిపోవును. సాగుట తగ్గుచున్నచో వేరొక గతి పట్టవచ్చును. అది ఏదో నిర్ణయించుటలో గుచ్ఛముల సాక్ష్యము మరల అవసరమగును.

మన వారి కృషి

ఈ పనిలో మన దేశస్థుల పాలు చెప్పకుండ విడుచుట న్యాయము కాదు. పుణె నగరములోని సంస్థలకు చెందిన శాస్త్రజ్ఞులు, తమ సహచరులతో కలిసి, 2017లో గుచ్ఛములకు గుచ్ఛమని చెప్పదగిన ఒక మహాసముదాయమును గుర్తించి దానికి సరస్వతి అని పేరు పెట్టిరి. అది సుమారు 400 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున నున్నది. అందు 43 గుచ్ఛములున్నవని వారు ప్రకటించిరి. బాట సాగుచున్న విశ్వమునందు ఇంతటి సముదాయము అంత పూర్వమే ఎట్లు కూడినదను ప్రశ్నను అది మన ముందుంచినది.

తెలుగు నేలపై, సంగారెడ్డి జిల్లా కంది వద్దనున్న హైదరాబాదు ఐ.ఐ.టి.లో శంతను దేశాయి గెలాక్సీ గుచ్ఛములపై పరిశోధన చేయుచున్నారు. 2018లో ఆయన ఏబెల్ 1689 అను గుచ్ఛమును ఆధారము చేసికొని, గురుత్వాకర్షణను మోసికొనివచ్చునని శాస్త్రజ్ఞులు ఊహించు గ్రావిటాన్ అను కణమునకు బరువున్నచో అది ఎంతకు మించరాదో లెక్క కట్టిరి. అట్టి కణమునకు బరువున్నచో దూరము హెచ్చినకొలది ఆకర్షణ త్వరగా క్షీణింపవలెను. దానిని పరీక్షించుటకు గుచ్ఛమంతటి విశాలమైన ప్రయోగశాల భూమిపై దొరకదు. నూటయేబది సంవత్సరముల క్రిందట పరదేశీయులు తమ పరికరములతో మన ఊరికి వచ్చి వెలుగును చదివిపోయిరి. నేడు ఆ వెలుగును చదువుటకు తెలుగు విద్యార్థి సముద్రము దాటనక్కరలేదు. పెద్ద దూరదర్శినుల ఫలితములలో అనేకము అందరికిని తెరచియుంచబడినవి. గణితము నేర్చి, ఓపికతో కూర్చున్నవానికి అవి అందుబాటులో ఉన్నవి.

ఈ విద్యవలన మిరపకాయ ధర పెరుగునా అని ఎవరైన అడిగినచో, పెరుగదని ఒప్పుకొనవలసినదే. 1868లో పసుపు గీత వలన ఏమి లాభమని అడిగినను అదే సమాధానము వచ్చియుండెడిది. నేడు ఆసుపత్రులలో శరీరములోపలి పటములు తీయు పెద్ద యంత్రముల అయస్కాంతములను చల్లబరచుటకు ఆ హీలియమునే వాడుచున్నారు. ఐనను లాభమును చూపి ఈ విద్యను సమర్థించుట మా ఉద్దేశము కాదు. మనము దేనితో చేయబడితిమో, దేని నడుమ బ్రదుకుచున్నామో తెలిసికొనగోరుట మనుష్యునకు సహజము. తాను చూచుచున్నది నూటికి అయిదు పాళ్లు మాత్రమేనని తెలిసికొనుటయు గొప్ప జ్ఞానమే.

చైత్ర వైశాఖములలో కల్లములందు మిరపకాయల రాశులకు కావలి పండుకొన్నవారు, రాత్రి తొలి జాములు గడచునప్పుడు, ఉత్తర ఫల్గునికిని స్వాతికిని నడుమనున్న ఆకాశమును చూచినచో అచట చెప్పుకోదగిన నక్షత్రమేదియు కనబడదు. చీకటివలె తోచు ఆ చోటనే కోమా గుచ్ఛమున్నది. అచటికి కొంత దిగువను, సుమారు అయిదున్నర కోట్ల కాంతి సంవత్సరముల దూరమున, మనకు మిక్కిలి చేరువనున్న పెద్ద గుచ్ఛము కన్యా గుచ్ఛము ఉన్నది. వీరా రూబిన్ పేరు పెట్టుకొని చిలీ దేశపు కొండపై వెలసిన కొత్త వేధశాల, 2025 జూన్‌లో లోకమునకు చూపిన మొదటి చిత్రములలో ఆ కన్యా గుచ్ఛపు చిత్రము ఒకటి. రానున్న పది సంవత్సరములు అది దక్షిణాకాశమును రాత్రి వెంబడి రాత్రి చిత్రించుచు, వేల కొలది గుచ్ఛములను కాటాకెక్కించును. ఆ తూకపు చీటీలు వెలువడినప్పుడు వాటిని చదువగలవారు మన ఇండ్లలోనుండి కూడ రావలెనని మా ఆకాంక్ష.